మొరపెట్టే కణం నోరు నొక్కితే

2024 మార్చిలో ఏఎల్ఎస్ రోగుల కుటుంబాలకు చేదు వార్త అందింది. కండరాలను నడిపే నాడీకణాలు క్రమంగా చచ్చిపోయి కదలిక, మాట, మింగే శక్తి, చివరికి ఊపిరి కూడా పోయే జబ్బు అది. దానికి 2022 సెప్టెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించిన రెలివ్రియో అనే మందు, 664 మందిపై జరిపిన పెద్ద పరీక్షలో ఉత్తుత్తి మందును మించి ఏమీ చేయలేకపోయింది. అనుమతికి ఆధారమైన అంతకుముందు పరీక్షలో పాల్గొన్నది 137 మందే. తయారుచేసిన ఆమిలిక్స్ కంపెనీ ఏప్రిల్‌లో మందును మార్కెట్ నుంచి ఉపసంహరించుకుంది. 2025 జనవరిలో అదే జబ్బు మీద ప్రయోగించిన మరో రెండు మందులు, డీఎన్ఎల్343, ఫోసిగోటిఫేటర్, కూడా జబ్బు వేగాన్ని తగ్గించలేకపోయాయి. వాటి రసాయనాలు వేరు, కంపెనీలు వేరు. కానీ మూడింటి వెనకా ఉన్న ఆలోచన దాదాపు ఒక్కటే: ప్రొటీన్లు సరిగ్గా ముడుచుకోనప్పుడు కణం ఒత్తిడికి లోనై ఒక ప్రతిస్పందన మొదలుపెడుతుంది, దాన్ని చల్లార్చితే కణం బతుకుతుంది. ఈ ఆలోచనలో సగం నిజం ఉంది. మిగతా సగం ఇన్నాళ్లూ లెక్కకు రాలేదన్నదే ఈ వ్యాసంలో నా వాదన. కణం చేసే ప్రతిస్పందన జబ్బు కాదు. అది కణం పెట్టే మొర. మొర వినిపించకుండా చేయడం వేరు, మొరకు కారణమైన భారం దించడం వేరు.

ఇక్కడ ఒత్తిడి అంటే మనసుకు సంబంధించింది కాదు. ప్రొటీన్ పుట్టినప్పుడు అది అమైనో ఆమ్లాల పొడుగాటి గొలుసు, అంతే. తనకు తగిన రూపంలోకి ముడుచుకున్నాకే దానికి పనిచేసే సత్తా వస్తుంది. ఇన్సులిన్‌నే తీసుకోండి. క్లోమంలోని బీటా కణంలో ముందుగా తయారయ్యే ప్రోఇన్సులిన్‌లో 86 అమైనో ఆమ్లాలు ఉంటాయి. వాటిలో ఆరు సిస్టీన్లు. ఆ ఆరూ ఏది దేనితో జతకట్టాలో దానితోనే జతకట్టి మూడు గంధక బంధాలు ఏర్పరచాలి. జపాన్‌లో వెలుగు చూసిన అకిటా ఎలుకల్లో ఒక సిస్టీన్ బదులు టైరోసిన్ వచ్చి కూర్చుంది. ఎలుకకు ఇన్సులిన్ జన్యువులు రెండు రకాలు, ఒక్కోటి రెండేసి ప్రతులు. అంటే నాలుగు ప్రతుల్లో చెడింది ఒక్కటే. మిగతా మూడూ సలక్షణంగా ఉన్నా ఆ ఎలుకకు పుట్టిన కొన్ని వారాల్లోనే షుగర్ వస్తుంది. ఇన్సులిన్ చాలక మొదలైన జబ్బు కాదిది. జత దొరకని ఆ ఒక్క సిస్టీన్ వల్ల తప్పుగా ముడుచుకున్న అణువులు బీటా కణం లోపల పేరుకుపోయి, మంచి అణువుల దారికీ అడ్డుపడి, కణాన్నే చంపుతాయి. ఇదే రకం మార్పు మనుషుల్లోనూ ఉంది. పుట్టిన కొద్ది నెలల్లోనే షుగర్ వచ్చే పసివాళ్లలో కొందరికి కారణం ఇదేనని 2007లో తేలింది.

బయటికి పంపాల్సిన ప్రొటీన్లు ముడుచుకునే చోటు ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్. బళ్లో అంతర్జీవ ద్రవ్యజాలం అని చదువుకున్నదే. ఈఆర్ అని పిలుద్దాం. దాని పొరలో మూడు పసిగట్టే ప్రొటీన్లు ఉంటాయి: ఐఆర్ఈ1, పెర్క్, ఏటీఎఫ్6. మొదటిదాని పనితనం చూడముచ్చటైనది. ఎక్స్‌బీపీ1 అనే ప్రొటీన్ తాలూకు ఆర్ఎన్ఏ సందేశం కణంలో ముందే సిద్ధంగా ఉంటుంది, కానీ మధ్యలో 26 అక్షరాలు అడ్డంగా ఉంటాయి. ముడత తప్పిన ప్రొటీన్లు పోగుపడగానే ఐఆర్ఈ1 అణువులు ఒకదానితో ఒకటి జతకట్టి ఆ 26 అక్షరాలనూ కత్తిరించేస్తాయి. తెగిన కొసలు రెండూ అతుక్కుంటాయి. అప్పుడు గాని అసలైన ఎక్స్‌బీపీ1 తయారు కాదు. అది కేంద్రకంలోకి వెళ్లి, ముడతకు సాయపడే ప్రొటీన్ల జన్యువులనూ, చెడినవాటిని ఏరి పారేసే యంత్రాంగాన్నీ మేల్కొలుపుతుంది. ఈఆర్‌ను కూడా పెద్దది చేస్తుంది. ఏటీఎఫ్6 మరో దారిలో దాదాపు ఇలాంటి పనే చేస్తుంది. ఈస్ట్ కణాల్లో ఐఆర్ఈ1 పాత్రను 1993లో అమెరికాలో పీటర్ వాల్టర్ బృందం, కజుతోషి మోరి ఉన్న మరో బృందం విడివిడిగా పట్టుకున్నాయి. ఆ ఇద్దరికీ 2014లో లాస్కర్ అవార్డు వచ్చింది.

మందుల కంపెనీల చూపు ఎక్కువగా పడింది మాత్రం మిగిలిన పెర్క్ మీద, అది నడిపే దారి మీద. పెర్క్ చేసే పని చాలా చిన్నది: ప్రొటీన్ల తయారీని మొదలుపెట్టే ఈఐఎఫ్2 అనే అణువుకు ఒక ఫాస్ఫేటు తగిలిస్తుంది. దాంతో కణంలో కొత్త ప్రొటీన్ల తయారీ చాలావరకు ఆగిపోతుంది. డెల్టాలో కాలువకు గండి పడితే చేసే పని ఇదే. ముందు పైన లాకుల తలుపులు దించేస్తారు, నీళ్లు ఆగాక గండి పూడుస్తారు. తలుపులు దించకపోతే ఊళ్లు మునుగుతాయి. గండి పూడ్చాక ఎత్తడం మరిచిపోతే ఆయకట్టు ఎండుతుంది. కణంలోనూ తలుపులు మళ్లీ ఎత్తే ఏర్పాటు ఉంది. జీఏడీడీ34 అనే ప్రొటీన్ వచ్చి ఆ ఫాస్ఫేటును తీయిస్తుంది. ఒత్తిడి ఎంతకీ తగ్గకపోతే చాప్ అనే మరో ప్రొటీన్ పెరిగి, కణాన్ని చావు వైపు నడిపిస్తుంది. ఒకే ప్రతిస్పందన తొలి గంటల్లో కాపాడుతుంది, వారాలు గడిచినా ఆగకపోతే చంపుతుంది. ఏ గంటలో ఉన్నామో తెలియకుండా దాన్ని ఆపాలా పెంచాలా అని అడగడంలో అర్థం లేదు.

దీనికి బలమైన రుజువు రెండు దిక్కుల నుంచి దొరుకుతుంది. 2012లో బ్రిటన్‌లో జియోవన్నా మల్లూచీ బృందం ముడత తప్పిన ప్రొటీన్ వల్ల మెదడు దెబ్బతినే ప్రియాన్ జబ్బు సోకిన ఎలుకల మెదళ్లు పరిశీలించింది. పెర్క్ దారి నెలకొల్పిన నిషేధం ఎత్తకుండా ఉండిపోవడం వల్ల నాడీకణాల కలయికలకు కావలసిన ప్రొటీన్లు అందక అవి పడిపోతున్నాయని తేల్చింది. మరుసటి ఏడాది అదే బృందం పెర్క్‌ను అడ్డుకునే ఒక రసాయనాన్ని నోటి ద్వారా ఇచ్చింది. మెదడులో కణాల చావు ఆగింది. అల్జైమర్స్‌కు కూడా దారి దొరికిందని ప్రపంచమంతా పత్రికలు పతాక శీర్షికలు పెట్టాయి. ఆ శీర్షికల కింద చిన్న అక్షరాల్లో ఉండాల్సిన సంగతి ఒకటుంది. ఆ ఎలుకలు బరువు తగ్గాయి, క్లోమం దెబ్బతింది, రక్తంలో చక్కెర పెరిగింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఇది అనూహ్యమేమీ కాదు, ఎందుకంటే పెర్క్ లేకపోతే ఏమవుతుందో ప్రకృతి అంతకు పదేళ్ల పైగా ముందే చూపించింది. పుట్టిన ఆరు నెలల్లోపు షుగర్, ఎముకల ఎదుగుదలలో లోపం, మళ్లీ మళ్లీ కాలేయం దెబ్బతినడం లక్షణాలుగా ఉన్న వోల్కాట్-రాలిసన్ సిండ్రోమ్‌కు కారణం పెర్క్ జన్యువు రెండు ప్రతులూ చెడిపోవడమేనని 2000లో తేలింది. దగ్గరి బంధువుల మధ్య పెళ్లిళ్లు ఎక్కువగా ఉన్న కుటుంబాల్లో శాశ్వతంగా నిలిచే శిశు మధుమేహానికి ఇదే ముఖ్య కారణం. మేనరికాలు ఇంకా మామూలే అయిన మన ప్రాంతంలో ఆరు నెలల్లోపు పసికందుకు షుగర్ కనిపిస్తే జన్యు పరీక్ష తప్పనిసరి అనడానికి ఇది చాలు. బీటా కణం రోజూ భోజనం తరవాత ఇన్సులిన్ వరద పుట్టించాలి. తలుపులు దించే మనిషి లేకపోతే ఆ వరదలో ముందు మునిగేది అదే. మెదడుకు విషమైన పెర్క్ క్లోమానికి ప్రాణాధారం.

దిక్కు కణాన్ని బట్టి మారుతుందనడానికి మరింత మొరటు రుజువు క్యాన్సర్ వార్డులో ఉంది. మల్టిపుల్ మైలోమాలో చెడిన ప్లాస్మా కణాలు యాంటీబాడీ ప్రొటీన్లను ఆగకుండా తయారుచేస్తూ ఈఆర్ తట్టుకోగల అంచు దగ్గర బతుకుతుంటాయి. 2003లో అనుమతి పొందిన బోర్టెజొమిబ్ అనే మందు చెత్త ప్రొటీన్లను పారేసే ప్రొటియాజోమ్‌ను మూసేస్తుంది. చెత్త పేరుకుంటుంది, ఒత్తిడి పెరుగుతుంది, మామూలు కణం ఓర్చుకోగలిగిన దగ్గర మైలోమా కణం చచ్చిపోతుంది. నరాల మంటలు, తిమ్మిర్లు ఈ మందు మూల్యంగా వసూలు చేస్తుంది. అయినా రోగుల ఆయుష్షు పెరిగింది. ఇక్కడ ఒత్తిడిని తగ్గించడం కాదు, పెంచడమే వైద్యం. ఒత్తిడి ప్రతిస్పందన చెడ్డది, తగ్గించాలి అనే సూత్రం ఈ ఒక్క వార్డులోనే తలకిందులైంది.

నా వాదనకు ఒక గట్టి అభ్యంతరం ఉంది. చాప్ జన్యువు తీసేసిన అకిటా ఎలుకల్లో షుగర్ రావడం వారాల తరబడి ఆలస్యమైందని 2002లోనే జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. ప్రతిస్పందనలో చివరి, చంపే భాగాన్ని మాత్రమే ఎంచి ఆపితే లాభమేనని దీని అర్థం కదా? అవును, కొంత లాభమే. కానీ అక్కడి మాట ఆలస్యం అయిందనే, ఆగిందని కాదు. వంకరగా ముడుచుకునే ఆ ఇన్సులిన్ తయారవుతూనే ఉంది. చంపే భాగాన్ని ఆపినంత మాత్రాన భారం పోదు. ఇంకో మినహాయింపు నేనే ఒప్పుకుంటాను. వానిషింగ్ వైట్ మ్యాటర్ అనే అరుదైన పిల్లల జబ్బులో చెడిపోయేది ఈ ప్రతిస్పందనను అదుపుచేసే ఈఐఎఫ్2బీ అణువే. అక్కడ భారం ఏమీ లేకుండానే తలుపులు దిగిపోతాయి. అలాంటి జబ్బులో ఆ తలుపులు ఎత్తించే మందును పరీక్షించడం సబబే, పరీక్షిస్తున్నారు కూడా. స్విచ్చే పాడైనచోట స్విచ్చును బాగుచేయాలి. ఏఎల్ఎస్‌లో, అల్జైమర్స్‌లో, షుగర్‌లో అలా పాడైందని ఎవరూ నిరూపించలేదు.

మరో అభ్యంతరం ఏఎల్ఎస్ పరీక్షలను నడిపినవాళ్లది. రోగం బయటపడేసరికే నాడీకణాల్లో చాలా భాగం పోయి ఉంటాయి, మందు ఆలస్యంగా అందింది, ఆలోచన తప్పు కాదు అంటారు. కావచ్చు. అయితే ఆ వాదన నా వాదనకే బలం. ప్రతిస్పందన ఏ దశలో ఉందన్నదే ఫలితాన్ని నిర్ణయిస్తుందంటే, రోగి నాడీకణాల్లో అది ఏ దశలో ఉందో కొలవగలిగాక మందు వేయాలి. అలాంటి నమ్మకమైన కొలత మామూలు ఆసుపత్రిలో ఏదీ లేదు. కొలత లేకుండా ఒకే మోతాదు, ఒకే దిక్కు, ఒకే కాలపరిమితి అందరికీ పెట్టడం చీకట్లో బాణం. ఆ రోగులు, వాళ్ల కుటుంబాలు రెలివ్రియోకు ఎఫ్‌డీఏ అనుమతి కోసం పోరాడారు. వాళ్లను తప్పుపట్టలేం. ఇంకో రెండేళ్లు బతుకుతామో లేదో తెలియనివాడు పూర్తి రుజువు కోసం ఎదురుచూడలేడు. ఆ ఆత్రుతను ఆధారంగా మార్చుకున్న వ్యవస్థను మాత్రం అడగాలి.

మరి ముడత తప్పే జబ్బుల్లో మందులు ఎక్కడైనా గెలిచాయా? గెలిచాయి. గెలిచినచోటల్లా అవి ప్రతిస్పందనను తాకలేదు, మొర పుట్టించే ప్రొటీన్‌నే పట్టుకున్నాయి. ట్రాన్స్‌థైరెటిన్ అనే ప్రొటీన్ విడిపోయి గుండెలో, నరాల్లో పేరుకునే జబ్బుకు టఫామిడిస్ అనే మందు ఉంది. నాలుగు ముక్కలుగా కలిసి ఉండే ఆ ప్రొటీన్ విడిపోకుండా అది కట్టి ఉంచుతుంది. యూరప్‌లో 2011లో నరాల జబ్బుకు, అమెరికాలో 2019లో గుండె జబ్బుకు అనుమతి వచ్చింది. సిస్టిక్ ఫైబ్రోసిస్‌లో సీఎఫ్‌టీఆర్ అనే ప్రొటీన్‌లో ఎక్కువమంది రోగులకు ఒకే ఒక్క ఫినైల్‌అలనీన్ లోపించడం వల్ల, అది ఈఆర్ దాటకముందే చెత్తలోకి పోతుంది. 2019లో వచ్చిన ట్రైకాఫ్టాలో రెండు రసాయనాలు ఆ ముడతను సరిచేయడానికి, మూడోది ఆ ప్రొటీన్ తలుపు తెరిచి ఉంచడానికి. ఊపిరితిత్తుల మార్పిడి కోసం ఎదురుచూసినవాళ్లలో చాలామంది ఆ జాబితా నుంచి పేరు తీయించుకోగలిగారు. ధర మాటేమిటి అంటారా? టఫామిడిస్ అమెరికాలో మొదట ఏడాదికి 2 లక్షల 25 వేల డాలర్లు, ట్రైకాఫ్టా 3 లక్షల 11 వేల డాలర్లు. ఇలా ఒక్కో ప్రొటీన్‌కు ఒక్కో మందు చేస్తూ పోతే ఎవరు భరిస్తారు, అన్నిటికీ పనికొచ్చే ఒక్క స్విచ్ మందు చవక కదా అన్నది సహేతుకమైన ప్రశ్నే. కానీ ఆ ధర పేటెంటుది, జీవశాస్త్రానిది కాదు. బోర్టెజొమిబ్ కూడా ఒకప్పుడు అందని ధరే, మన జనరిక్ కంపెనీలు చేయడం మొదలుపెట్టాక దిగొచ్చింది. పనిచేయని చవక మందు అసలు చవకే కాదు.

భారం దించడానికి కొత్త అణువు కావలసిన పని లేని జబ్బు కూడా ఒకటుంది, అదే మన ఇళ్లలో ఎక్కువ. ఐసీఎంఆర్ 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి షుగర్ ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. రెండో రకం మధుమేహానికి కారణాలు చాలా. అందులో బీటా కణం మీద పడే ముడత భారం ఒకటి, అదొక్కటే అని నేను అనను. తెల్లన్నం పళ్లేలు, కాలేయంలో కొవ్వు, ఇన్సులిన్‌కు ఒళ్లు మొండికేయడం, వీటన్నిటికీ జవాబుగా బీటా కణం ఇంకా ఇంకా ప్రోఇన్సులిన్ చేయాలి, దాన్ని ముడవాలి. అలాంటప్పుడు దాన్ని కొన్నాళ్లు విశ్రాంతిగా ఉంచితే? 2008లో లాన్సెట్‌లో వచ్చిన చైనా పరీక్ష ఇదే చేసింది. కొత్తగా షుగర్ బయటపడిన 382 మందిని మూడు గుంపులు చేసి, చక్కెర రెండు వారాలు అదుపులో నిలిచేదాకా వైద్యం చేసి, తరవాత మందులన్నీ ఆపేశారు. ఏడాది తిరిగేసరికి మందు లేకుండానే అదుపులో ఉన్నవారు పంపుతో ఇన్సులిన్ తీసుకున్నవారిలో 51 శాతం, రోజుకు పలుసార్లు సూది వేసుకున్నవారిలో 45 శాతం, మాత్రలు వేసుకున్నవారిలో 27 శాతం. 2017లో బ్రిటన్‌లో ఫలితాలు వెలువడిన డైరెక్ట్ అనే పరీక్ష మరో దారి పట్టింది. 306 మందిలో సగంమందికి రోజుకు దాదాపు 850 కేలరీల ద్రవాహారంతో మూడు నుంచి అయిదు నెలలు బరువు తగ్గించారు. ఏడాదికి వారిలో 46 శాతం మందికి షుగర్ మందుల అవసరం లేకుండా అదుపులోకి వచ్చింది, మామూలు వైద్యంలో ఉన్నవారిలో 4 శాతమే. రెండేళ్లకు ఆ 46 కాస్తా 36కు దిగింది, తగ్గిన బరువు తిరిగి పెరిగినకొద్దీ ఫలితం జారింది.

ఈ రెండు పరీక్షల్లో ఏదీ ఈఆర్ ఒత్తిడిని కొలవలేదు. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉండటమే బీటా కణానికి హాని, అది తగ్గడం వల్లే మేలు జరిగిందని చెప్పేవాళ్లున్నారు. నేను కాదనను. కణంపై పని తగ్గితే అది తేరుకుంటుందన్న విషయంలో రెండు వివరణలూ కలుస్తాయి, పాటించాల్సిన వైద్యం కూడా ఒకటే. మనవాళ్లు సన్నగా ఉండగానే షుగర్ వస్తుంది, బ్రిటన్ వాళ్ల బరువు లెక్క మనకు పనికిరాదు అన్నది ఇంకో అభ్యంతరం. పుణెలో మధుమేహ పరిశోధకుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ ఏళ్ల తరబడి చూపించింది సన్నగా కనిపించే భారతీయుల ఒంట్లో దాగిన కొవ్వునే. అంటే మనకు తగ్గించాల్సిన కిలోలు తక్కువ కావచ్చు, బీటా కణం మీది భారం మాత్రం తక్కువ కాదు. ఇక్కడ మన సమాజంలో ఒక మొండి నమ్మకం అడ్డొస్తోంది: ఇన్సులిన్ సూది మొదలుపెడితే అది చావు దాకా తప్పదని, అది ఆఖరి మెట్టని. చైనా పరీక్షలో వాళ్లు దాన్ని మొదటి మెట్టుగా వాడి చక్కెర రెండు వారాలు అదుపులో నిలిచాక ఆపేశారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో షుగర్ కొత్తగా బయటపడినవాళ్లలో ఎంపికచేసిన కొందరిపై ఇలాంటి కొద్దికాలపు ఇన్సులిన్, కఠినమైన ఆహార నియమం కలిపి మన పరిస్థితుల్లో పరీక్షించడం హైదరాబాద్, విశాఖ వైద్య సంస్థలకు చేతనయ్యే పని. దానికి కొత్త పేటెంటు అక్కర్లేదు. బహుశా అందుకే ఏ కంపెనీ ముందుకు రాదు, ప్రభుత్వమే రావాలి.

ఇదంతా ఇలా ఉండగా, ఆన్‌లైన్ దుకాణాల్లో లివర్ సపోర్ట్, ఈఆర్ ఒత్తిడి తగ్గింపు అంటూ టడ్కా సీసాలు అమ్ముడవుతున్నాయి. ఎలుగుబంటి పిత్తంలో ఉండే ఆమ్లానికి ఇది కృత్రిమ రూపం. రెలివ్రియోలో ఒక భాగమూ ఇదే. 2006లో హార్వర్డ్‌లో గోఖాన్ హోటమిస్లిగిల్ బృందం ఈ పదార్థంతో లావెక్కిన ఎలుకల్లో చక్కెర అదుపు చేసి చూపించింది, ఆ వ్యాపారానికి ఊపిరి అక్కడి నుంచే. మనుషుల మీద 2010లో జరిగిన పరీక్షలో స్థూలకాయులు 20 మంది. నాలుగు వారాలు రోజుకు 1,750 మిల్లీగ్రాముల టడ్కా తీసుకున్నవారి కాలేయం, కండరాలు ఇన్సులిన్‌కు దాదాపు 30 శాతం మెరుగ్గా స్పందించాయి. అయితే కండరం, కొవ్వు ముక్కలు తీసి చూస్తే ఈఆర్ ఒత్తిడి గుర్తులు ఏమీ తగ్గలేదు. మేలు జరిగింది, కానీ సీసా మీద రాసిన దారిలో జరిగినట్టు ఆధారం లేదు. పైగా 20 మంది, నాలుగు వారాలు. ఆహార పదార్థాల కింద వచ్చే ఇలాంటి సీసాల మీద ఈఆర్ ఒత్తిడి అన్న మాట వాడాలంటే మనుషుల్లో దాన్ని కొలిచిన ఆధారం చూపమని ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అడగాలి. చూపలేని అమ్మకందారు ఆ మాట తీసేయాలి. దాన్ని నమ్మి మెట్‌ఫార్మిన్ మానేసిన రోగికి మూడు నెలల తరవాత సగటు చక్కెరను చూపే హెచ్‌బీఏ1సీ ఎంత పెరిగిందో ఆ అమ్మకందారు చూడడు, చూసేది ఆరోగ్య కేంద్రంలోని డాక్టరే.